నేను ఆయన కోటును కాను

నేను ఒక కోటును. మెరూన్ రంగు ఉన్ని గుడ్డ, మోకాళ్ళ కిందిదాకా పొడవు. ఇప్పుడు హైదరాబాదులో పాత సినిమా వస్తువుల ప్రదర్శనలో గాజు పెట్టెలో ఉన్నాను. పెట్టె మీద ‘హీరో రవిచంద్ర గారి కోటు’ అని రాశారు. అది చదువుకుని మురిసిపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఆయన కోటును కానే కాను!

నన్ను కుట్టింది మద్రాసు కోడంబాకంలో కాస్ట్యూమర్ కొండలరావు. పాట తీయడానికి యూనిట్ స్విట్జర్లాండ్ వెళుతోందని తెలిసి, హీరోయిన్ కనకవల్లి కోసం కుట్టాడు. మండుటెండల్లో, ఫ్యాను లేని గదిలో, ఉన్ని గుడ్డ ఒళ్ళో వేసుకుని చెమటలు కక్కాడు. “చీర మీదికి కదమ్మా, వదులుగా పెట్టాను. అక్కడ చలి. మీ గొంతు జాగ్రత్త” అన్నాడు ఆవిడతో.

తెనాలి నాటకాల్లో ఆవిడకు పేరు తెచ్చింది ఆ గొంతే. సినిమాల్లోకి వచ్చాక మాత్రం ప్రతిసారీ వేరెవరితోనో డబ్బింగ్ చెప్పించారు. ఈసారి సొంత గొంతేనని, మద్రాసు తిరిగి రాగానే డబ్బింగ్ అని డైరెక్టర్ మాటిచ్చాడు. విమానంలో కూడా ఆవిడ డైలాగులు గొణుక్కుంటూనే ఉంది. ఒళ్ళో కూర్చుని అన్నీ విన్నాను.

తీరా మంచులో దిగాక రవిచంద్ర పల్చటి సూటులో వణికిపోయాడు. “ఒక్కసారి ఇలా ఇవ్వండమ్మా, షాట్ కాగానే ఇచ్చేస్తాను” అని నన్ను లాక్కున్నాడు. బొజ్జ మీద గుండీలు పట్టలేదు. అలాగే తెరిచి వదిలేశాడు. ఆ షాట్ కాస్తా ఒక్క టేకులో ఓకే అయింది. అక్కడే మా కొంప మునిగింది. సినిమావాళ్ళకు సెంటిమెంట్ పట్టుకుంటే ఇక వదలదు కదా!

“మొదటి షాటే అదిరింది. ఆ కోటు హీరోగారి ఒంటి మీంచి తీయడానికి వీల్లేదు” అని డైరెక్టర్ తేల్చేశాడు.

“పళ్ళు కొట్టుకుంటున్నాయండీ, పాటకి పెదాలు ఎలా కలపను?” అంది షిఫాన్ చీరలో కనకవల్లి.

“నవ్వుతూ ఉండమ్మా. చూసేవాళ్ళకి తెలీదు.”

ఎంత సులువుగా అన్నాడో చూశారా! షాట్‌కీ షాట్‌కీ మధ్య కూడా నన్ను ఆవిడకు ఇవ్వనివ్వలేదు. అదృష్టం చెయ్యి జారిపోతుందట. పాట అయ్యేదాకా ఆవిడ ఆ చీరతోనే మంచులో పరిగెత్తింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఆ పెద్దమనిషి ఒంటి మీద వేలాడాను.

మద్రాసు చేరేసరికి ఆవిడకు జ్వరం. గొంతు పూర్తిగా పోయింది. నయమయ్యేదాకా ఆగమని చేతులు జోడించి సైగలతో బతిమాలిందట. రిలీజ్ డేట్ వేసేశామన్నారు, వేరే ఆవిడతో చెప్పించేశారు. ఈ సంగతులన్నీ కొండలరావు నన్ను దులుపుతూ, వాళ్ళని తిడుతూ చెప్పాడు. ఆ తిట్లు ఇక్కడ రాయకూడదు కానీ, నాకు మాత్రం చెవులకు హాయిగా అనిపించాయి.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. గుండీలు పట్టని ఆ అవతారాన్ని కొత్త స్టైల్ అన్నారు. బెజవాడలో జనం నడివేసవిలో కోట్లు తెరుచుకుని తిరిగారు. కనకవల్లిని మాత్రం సొంత గొంతుతో మాట్లాడమని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మొన్న ఆవిడ ఈ ప్రదర్శనకు వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. గోడ మీది టీవీలో ఆ సినిమానే వస్తోంది. తెర మీద ఆవిడ పెదాలు కదులుతుంటే, ఎవరిదో తీయటి గొంతు “మీరు పక్కనుంటే నాకు చలేమిటండీ?” అంటోంది. నిర్వాహకుడు పరుగున వచ్చి మైకు అందించాడు.

“అమ్మా, ఆ డైలాగ్ ఒక్కసారి మీ నోటితో చెప్పండమ్మా!”

ఆవిడ మైకు తీసుకుని నా వైపు చూసింది.

“అది నా మాట కాదు బాబూ. నన్ను మాట్లాడనిచ్చుంటే, ‘ఆ కోటు నాది, ఇటివ్వండి’ అనుండేదాన్ని” అంటూ చెయ్యి చాపింది.

జనం జోకనుకుని చప్పట్లు కొట్టారు. ఆవిడ చాపిన చెయ్యి దించలేదు.