రేకుల గదిలో ఎర్ర దారం

ఏడో తరగతి బి సెక్షనును పెద్దసారు ఏనాడూ బి సెక్షను అనలేదు. మొద్దు సెక్షను అనేవారు. స్టాఫ్ రూములో అన్నా, ఆ పిల్లల మొహం మీదే అన్నా ఆయన గొంతులో తేడా ఉండేది కాదు. ఎ సెక్షను మేడ కింది గదిలో కూర్చునేది. బి సెక్షనుకు ప్రహరీగోడను ఆనుకుని వేసిన రేకుల గది. భోజనాలయ్యాక అక్కడ సగం తలలు బల్లల మీదే ఉండేవి.

ఆ ఏడాది లెక్కల టీచరు కొత్తగా వచ్చింది. మనిషి పిడికెడంత ఉండేది గానీ గొంతు విప్పితే మైదానం అవతల ఆడుకునేవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేవారు. మొదటి పరీక్ష మార్కులు చూశాక పెద్దసారు ఆవిడను గదికి పిలిపించారు.

"మీ తప్పేం లేదమ్మా. అక్కడ బుర్రలుంటే కదా! ఆ గ్రాఫుల పాఠం పైపైన చెప్పేసి వదిలెయ్యండి."

"పైపైన చెప్పడం నాకు చేతకాదు సార్," అనేసి టీచరు వచ్చేసింది.

మర్నాడు ఆవిడ పుస్తకం తెరవలేదు. బల్ల అంచున కూర్చుని, "మీ గురించి మీకు తెలీనిది ఏదైనా ఒకటి అడగండి. దాన్ని కొలుద్దాం," అంది.

మూడో వరసలోంచి నసపిట్ట లేచింది. ఏ ప్రశ్నా ఒక పట్టాన వదలదని ఆ పిల్లకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు బళ్లోకి కూడా వచ్చేసింది.

"మధ్యాహ్నమైతే మేమెందుకు నిద్రపోతాం టీచర్? నిజంగానే మొద్దులమా?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపేశారు కూడా. అందరికీ ఆ జవాబు కావాలి.

ముందు ఆవలింతలు లెక్కపెట్టారు. టైలరు కూతురు ఇంటినుంచి పనికిరాని గుండీల డబ్బా తెచ్చింది. పీరియడుకో పెట్టె పెట్టి, ఎవరు ఆవలిస్తే వాళ్ల పేర అందులో ఒక గుండీ వేశారు. సాయంత్రం ఆ గుండీలనే అట్టమీద పీరియడుకో వరసగా ఒకదానిపై ఒకటి అంటించారు. పొద్దుటి వరస పొట్టి, మధ్యాహ్నం వరస పొడుగు రావాలి. తీరా చూస్తే అన్నీ పొడుగే వచ్చాయి. పక్కవాడి ఆవలింత కోసం నోటివంక చూస్తూ కూర్చుంటే చూసేవాడికీ ఆవలింతలే మరి! అట్టవంక చూస్తూ టీచరే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. క్లాసంతా పడీపడీ నవ్వింది.

"సరే, ఇది చెత్తబుట్టకి," అంది టీచరు కళ్లు తుడుచుకుంటూ. "మనం చూస్తున్నామని మారిపోయేదాన్ని కొలిస్తే ఏం లాభం? మనం చూసినా చూడకపోయినా దాని పాటికి అది ఉండేది కావాలి."

నసపిట్ట తలెత్తి పైన రేకులవంక చూసింది.

థర్మామీటర్లు సైన్సు సారు దగ్గరున్నాయి. ఎ సెక్షనుకు క్లాసు టీచరు కూడా ఆయనే. "పగిలితే నా మెడకి చుట్టుకుంటుందండీ," అని నసిగారు. "నా మెడకే చుట్టండి," అని టీచరు రెండు పట్టుకొచ్చింది. రెండింటినీ మొదట పక్కపక్కన వేలాడదీసి, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో పిల్లలచేత చూపించింది. తరవాత ఒకటి రేకుల గదిలో, ఒకటి ఎ సెక్షనులో కట్టారు. రెండూ పిల్లల తల ఎత్తులోనే. రెండుచోట్లా గంట కొట్టగానే చూడాలి.

గ్రాఫు కాగితం మీద గియ్యలేదు. మూల పడున్న పాత తలుపు రెక్కను గోడకు ఆనించి నిలబెట్టారు. అడ్డంగా గంటలు, నిలువుగా డిగ్రీలు రాశారు. ప్రతి గంటకూ కొలిచినచోట మేకు దిగ్గొట్టి, మేకునుంచి మేకుకు దారం లాగారు. రేకుల గదికి ఎర్ర దారం, ఎ సెక్షనుకు నీలం.

సుత్తి కోతలరాయుడి చేతిలో ఉంది. పిల్లిని చూసి పులిని చూశానని చెప్పే రకం వాడు. "టీచర్, ఈ మేకు ఇంకో జానెడు పైన కొట్టేద్దామా? చూసినోళ్ల కళ్లు తిరిగిపోవాలి!"

"నువ్వొక్క మేకు అబద్ధం కొట్టావంటే చాలు, మిగతా మేకులన్నీ పెద్దసారే పీకేస్తారు. ఉన్నచోటే కొట్టు."

వాడు గొణుక్కుంటూ ఉన్నచోటే కొట్టాడు. అబద్ధం అవసరం కూడా పడలేదు. పొద్దున్న రెండు దారాలూ అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే నడిచాయి. ఎండ ముదిరేకొద్దీ ఎడం పెరిగింది. రెండు గంటల వేళకు ఎర్ర దారానికి తలుపు చాలక, పైన ఇంకో చెక్కముక్క బిగించాల్సి వచ్చింది. నీలం దారం ఎక్కడో కింద ఉండిపోయింది.

"మనం కాదన్నమాట," అంది టైలరు కూతురు, నెమ్మదిగా.

"తొందరపడకు," అంది టీచరు. "గది కాలుతోందని తేలింది. నిద్ర దానివల్లేనని ఇంకా తేలలేదు. గది మార్చి చూస్తేగానీ తెలీదు."

ఆ మాట ఎలా పాకిందో, పెద్దసారు విసవిసా వచ్చారు. తలుపు వంక చూశారు. "ఎల్లుండి తల్లిదండ్రుల మీటింగు పెట్టుకుని ఏంటమ్మా ఈ దుకాణం? బడి పరువేం కావాలి? తీయించెయ్యండి."

"పరువు తీసేది దారం కాదు సార్, రేకులు."

"తియ్యమంటున్నాను."

"తియ్యను."

ఆయనతో ఆ మాట అన్నవాళ్లను పిల్లలు అంతవరకు చూడలేదు. పెద్దసారు అటెండరును కేకేశారు. అతను వచ్చేలోపే నసపిట్ట వెళ్లి తలుపు ముందు నిలబడింది. ఆమె పక్కన కోతలరాయుడు, సుత్తితో సహా. ఆ తరవాత బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. అటెండరు పిల్లలనూ మేకులనూ మార్చిమార్చి చూసి, "చేతులు చీరుకుపోతాయి సార్," అని తల గోక్కున్నాడు.

"మీటింగు హాల్లో జరుగుతుంది. ఇటువైపు ఒక్కరు రావడానికి వీల్లేదు," అని పెద్దసారు వెళ్లిపోయారు.

మీటింగునాడు రెండు గంటలకు హాల్లో బి సెక్షను కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు ఎవరివాళ్లను వాళ్లు గేటు దగ్గరే చెయ్యి పట్టుకుని రేకుల గదిలోకి నడిపించుకుపోయారు. నసపిట్ట వెంట అమ్మమ్మ వచ్చింది, మోకాళ్లు పట్టుకుని, దారిపొడుగునా ఆపసోపాలు పడుతూ. కోతలరాయుడి నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫామ్‌తోనే వచ్చాడు.

నసపిట్ట ఎర్ర దారం మీద వేలు పెట్టి, మేకు మేకు దగ్గరా ఆగుతూ చెబుతోంది. అప్పుడే పెద్దసారు గుమ్మంలోకి వచ్చారు. "అందరూ హాల్లోకి పదండి. అక్కడ ఫ్యాన్లున్నాయి."

"వస్తాం నాయనా," అంది అమ్మమ్మ. "మా పిల్ల పాఠం చెబుతోంది, అయిపోనీ. నువ్వూ ఇలా కూర్చో." బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది. అంతమంది ముందు పెద్దావిడను కాదనలేక ఆయన కూర్చున్నారు. రుమాలు తీశారు. కాసేపటికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏం సార్, నిద్రొస్తోందా?" అన్నాడు డ్రైవరు. గదంతా గొల్లుమంది.

"నన్నేం చెయ్యమంటారు? గదులెక్కడున్నాయి?" అని గట్టిగానే అన్నారు పెద్దసారు.

"కంప్యూటరు గది ఉంది కదా సార్," అంది నసపిట్ట. "కంప్యూటర్లకి ముసుగులు కప్పి పడుకోబెట్టారు. ఎవరూ వాడరు."

"ఆ గది ఇస్తే వాటినెక్కడ పెట్టాలి? ఇక్కడా? ఈ వేడికి ఒక్క రోజులో పాడైపోతాయి!"

ఆ మాట నోరు దాటాక ఆయనకే వినబడినట్టుంది. రుమాలు మొహం దగ్గరే ఆగిపోయింది.

"పాడైపోతాయా?" అంది అమ్మమ్మ. ఈసారి మాటలో 'నాయనా' లేదు. "మరి మా పిల్లలో?"

ఎవరూ హాల్లోకి కదల్లేదు. కంప్యూటరు గది తాళం చెవి వచ్చేదాకా కదిలేది లేదని డ్రైవరు బెంచీ మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు. టైలరు, "నాకూ పనేం లేదు," అని అతని పక్కన చేరాడు. పాపం, ఆయన దుకాణంలో కుట్టాల్సిన బట్టలు గుట్టలుగా పడున్నాయి. చివరికి అటెండరు నవ్వు దాచుకుంటూ తాళం చెవి పట్టుకొచ్చాడు.

ఆ మర్నాటినుంచి మధ్యాహ్నం క్లాసులన్నీ బి సెక్షనుకు కంప్యూటరు గదిలోనే. భోజనాలయ్యాక బల్లల మీద వాలే తలలు బాగా తగ్గాయి. లెక్కల టీచరుకు మెమో ఇచ్చారు. వచ్చే ఏడు ఏడో తరగతి ఇవ్వబోమని చెప్పారు. "ఏ తరగతి ఇచ్చినా కొలవడానికి ఏదో ఒకటి ఉంటుంది లెండి," అని ఆవిడ సంతకం పెట్టేసింది.

తరవాతి పరీక్షలో కొందరి మార్కులు బాగానే పెరిగాయి. కొందరివి ఉన్నచోటే ఉన్నాయి, ఒకరిద్దరివి తగ్గాయి కూడా. పెద్దసారు జవాబు పత్రాలు పట్టుకుని స్వయంగా కంప్యూటరు గదికి వచ్చారు.

"చూశారా అమ్మా? చల్లని గదిలో కూర్చోబెట్టినా ఏం ఒరిగింది? మొద్దులు మొద్దులే."

టీచరు నోరు తెరవబోయింది. నసపిట్ట అప్పటికే లేచి నిలబడింది.

"మార్కులొస్తేనే నీడలో కూర్చోవాలా సార్? ఎ సెక్షన్లోనూ తప్పినవాళ్లున్నారు. వాళ్లనెవరూ ఎండలోకి పంపలేదే!"

పెద్దసారు ఆమెవంక చూశారు, టీచరువంక చూశారు. క్లాసులో ఒక్కరు కూడా తల దించలేదు.

"కూర్చో," అన్నారు చివరికి.

"కూర్చుంటాను సార్. ఇక మమ్మల్ని మొద్దులనొద్దు," అని నసపిట్ట ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆయన పత్రాలు బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. ఆయన వరండా దాటాకే ఆ పిల్ల కూర్చుంది.