ముందు ఎవరు వదలాలి

పులికాట్ సరస్సులో రాష్ట్రాల హద్దు ఎక్కడుందో రెండు ప్రభుత్వాలూ ఇంకా తేల్చలేదు. ఆ తేలని నీళ్లలో వల వేశారని ముగ్గురు ఆంధ్రా జాలర్లను అవతలి పోలీసులు పడవలతో సహా పట్టుకుపోయారు. ఆ కోపంతో ఇవతలి వాళ్లు మర్నాడే ఏకాంబరం అనే తమిళ జాలరిని పట్టుకొచ్చి తుఫాను షెల్టర్‌లో కూర్చోబెట్టారు.

సూళ్లూరుపేట ఆర్డీఓ లోకేశ్వరి అక్కడికి బయల్దేరిందో లేదో రాజధాని నుంచి ఫోను.

"మనవాళ్లను వదిలేదాకా వాణ్ణి వదలొద్దు. కేసు పెట్టించండి," అన్నాడు పై అధికారి.

"ఇది ఆర్డరా సార్?"

"నా అభిప్రాయం. అక్కడున్నది మీరు."

షెల్టర్‌లో ఏకాంబరం గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. చేప ముల్లు దిగి కాలు నల్లగా వాచిపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

కేసు పెడితే అవతలి వాళ్లూ పెడతారు. కోర్టుల చుట్టూ తిరిగేది జాలర్లే. ఊరికే వదిలేస్తే తమ తరఫున ఎవరూ లేరని వీళ్లనుకుంటారు. ఇక్కడే ఉంచితే ఈ కాలు దక్కదు. లోకేశ్వరి అంబులెన్సు పిలిపించింది.

చెంగయ్య అడ్డం వచ్చాడు. పట్టుబడిన ముగ్గురిలో అతని కొడుకు మునికుమార్ ఉన్నాడు.

"నా కొడుకు ఆడ లాకప్పులో ఉండాడు మేడమ్! ఈణ్ణి ఒదిలేస్తే రేపు మన మాట ఎవురింటారు?"

"వినకపోవచ్చు పెద్దాయనా. ఇతనికేమన్నా అయితే మాత్రం అస్సలు వినరు. అప్పుడు మీవాడి గతేంటి?"

చెంగయ్య పక్కకు జరిగాడు గానీ ముఖం తిప్పుకున్నాడు.

ఆమె అవతలి ఆర్డీఓ యోగానందకు ఫోన్ చేసింది. "మీ మనిషిని ఆసుపత్రికి పంపుతున్నాం. కేసు లేదు. ఇది బేరం కాదు."

"మా పైవాళ్లను ఒప్పించాలి మేడమ్. మాటివ్వలేను."

"మాటడగడం లేదు. మావాళ్లను ఇంటికి ఫోన్ చేసుకోనివ్వండి."

సాయంత్రం చెంగయ్య ఫోను మోగింది.

"నాయనా, నేను."

"తింటివా రా?" అన్నాడు చెంగయ్య.

ఆ వారంలోనే ముగ్గురూ ఇల్లు చేరారు. ఏకాంబరం కాలు దక్కింది. పడవలు మాత్రం అక్కడే ఆపేశారు. తమనడక్కుండా ఏకాంబరాన్ని ఎందుకు వదిలారో చెప్పమని రాజధాని నుంచి లోకేశ్వరికి తాఖీదు వచ్చింది.

చెంగయ్య ఆఫీసుకొచ్చాడు. కృతజ్ఞతలేమీ చెప్పలేదు.

"మనిషొచ్చినాడు, సరే. పడవ లేకుండా ఏం చేసేది మేడమ్?"

లోకేశ్వరి కుర్చీ చూపించింది. యోగానందకు మళ్లీ ఫోన్ కలిపి, పడవలు వదిలించి, మళ్లీ ఈ గొడవ రాకుండా హద్దు ఇద్దరం కలిసి కొలిపిద్దామా అని అడిగింది.