చాయ్ తాగినంక చెప్పు

మొగుడు తన మాట వినడం లేదని ఏడ్చే ఆడవాళ్లు లాల్‌దర్వాజాలో ఇంటికొకరు ఉంటారు. వింటున్నాడని హడలిపోయింది మాత్రం లీలమ్మ ఒక్కతే.

ఆమె భర్త ప్రేమ్‌రాజ్ సిటీ బస్సు డ్రైవరు. ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో అందరూ మాంసం మానేస్తే, ఈయన రెండు పనులు ఒకేసారి చేయడం మానేశాడు. చేసే పని మీదే మనసు పెడితే అదీ ప్రార్థనేనని పాస్టర్ చెప్పాడట. అన్నం తినేటప్పుడు అన్నమే, చాయ్ తాగేటప్పుడు చాయే. లీలమ్మ ఏదైనా మొదలుపెడితే "చాయ్ తాగినంక చెప్పు" అంటాడు. తాగి, కప్పు కింద పెట్టి, ఫోన్ బోర్లించి, ఆమె మొహంలోకే చూస్తూ కూర్చుంటాడు.

ఆ చూపే ఆమెకు మింగుడుపడలేదు. పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు మనిషి. ఎవతినో తగులుకున్నాడు, అది కప్పిపుచ్చడానికే ఈ భక్తి అనుకుంది. ఈ వయసులో తను ఎక్కడికి పోవాలని గుబులు పట్టుకుంది. అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ వెతికింది. చొక్కాలు వాసన చూసింది. డీజిల్ వాసన తప్ప ఏమీ దొరకలేదు, దాంతో అనుమానం ఇంకా ముదిరింది. పక్కింటి చంద్రమ్మను అడిగితే, మొగోడు ఊకెనే మంచిగయితడా అని తల ఊపింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే నిలదీసింది.

"నా దగ్గర ఏం దాస్తున్నవ్?"

ప్రేమ్‌రాజ్ చాయ్ పూర్తిచేశాడు. కప్పు కింద పెట్టాడు.

"నేనేం దాస్తలే. నువ్వే దాస్తున్నవ్. అన్నం గంజు ఎడమచేత్తోని ఎందుకు దించుతున్నవ్? కుడిచెయ్యి లేస్తలేదు కదా. వారం సంది చూస్తున్న."

తను అతని జేబులు వెతుకుతుంటే అతను తన చెయ్యి చూస్తున్నాడు. లీలమ్మకు సిగ్గేసింది, దాని వెనకే ఏడుపొచ్చింది. అతని చెయ్యి తీసుకుని తన చంక కింద పెట్టింది. గడ్డ నిమ్మకాయంత ఉంది.

ప్రేమ్‌రాజ్ చెయ్యి తియ్యకుండానే అడిగాడు.

"ఎప్పటి సంది? నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. క్రిస్మస్ ముంగట. నువ్వు తినుకుంట ఫోన్ల క్రికెట్ చూస్తున్నవ్. ఊఁ అన్నవ్."