మధ్యాహ్నం రాని నొప్పి

టైలరమ్మ నొప్పికి మహా సిగ్గు. తెల్లవారకముందే, ఆవిడకంటే ముందు లేచి, వేళ్ల కణుపుల్లో పీట వేసుకుని కూర్చునేది. పిడికిలి బిగిస్తే విప్పనిచ్చేది కాదు, విప్పితే బిగించనిచ్చేది కాదు. బ్రష్షును రెండు అరచేతుల మధ్య ఇరికించి, చేతులు కదపలేక తలకాయే అటూ ఇటూ ఊపుతూ పళ్లు తోముకోవాల్సి వచ్చేది. పొద్దెక్కేకొద్దీ ఆ నొప్పి పట్టు సడలించేది. మధ్యాహ్నానికి ఆసుపత్రి బోర్డు కనబడిందో లేదో, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక సందులోంచి పారిపోయేది.

మరి డాక్టరుగారు రోగుల్ని చూసేది మధ్యాహ్నమే. పొద్దున్నంతా ఆయన వార్డుల్లో తిరుగుతాడు. ఆయన గది ముందు వరండాలో ఒక ఫ్యాను ఉండేది. దాని రెక్క మీద వాలిన ఈగ ఒక్క చుట్టు తిరిగి దిగేసరికి మనవల్ని ఎత్తేదంటే మీరు నమ్మరు. బెంచీల మీద కూర్చున్నవాళ్లు మాత్రం తెచ్చుకున్న జబ్బు మరిచిపోయి, నడుంనొప్పి అనే కొత్త జబ్బుతో లోపలికి వెళ్లేవాళ్లు.

లోపల ప్రతిసారీ అదే తంతు. ఎలా ఉన్నారమ్మా అని ఆయన అడిగేవాడు, బాగున్నానండి అని ఈవిడ అనేది. వేళ్లు మడవమంటే మడిచేది, ఆయన వేలు పట్టుకుని నొక్కమంటే నొక్కేది. రక్తపరీక్షలోనూ ఏమీ తేలలేదు. ఒకసారి ఒళ్లు ఎక్కువైందన్నాడు. ఒళ్లు తగ్గించుకుని వెళితే నీరసమన్నాడు. ఇంకోసారి ఇదంతా దిగులన్నాడు. ఆ మాట విన్నాక నిజంగానే దిగులు పట్టుకుంది. కీళ్ల డాక్టరు ఉండేది పెద్దాసుపత్రిలో. ఈయన చీటీ రాసిస్తేగాని ఆయన చూడడు. నిక్షేపంలాంటి చేతుల్ని పంపితే ఆయన నన్ను తిడతాడమ్మా అని ఈయన నవ్వేవాడు.

ఇలా సాగుతుండగా ఒకనాటి పొద్దున కోటుగుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర ఆవిడ పట్టులోంచి జారింది. సుద్దగీత దాటి, ముందు భాగం మీద అడ్డంగా పరిగెత్తింది. కోటు ఇచ్చినాయన కోప్పడనైనా లేదు. పోనీలెండి, ఇంకోచోట కుట్టించుకుంటానన్నాడు. ఆ 'ఇంకోచోట' కత్తెరకంటే లోతుగా దిగింది. ఆ చేతులు పోతే ఆవిడకు ఇంకో చేతులు లేవు, ఇంకో విద్యా లేదు. చీటీ సంపాదించి తీరాలి.

ఆవిడ భర్తకు అక్కగారొకావిడ ఉంది. వీధిలో అందరూ రేడియో అంటారు, తిప్పకపోయినా పలుకుతుంది కనుక. మళ్లీ ఆసుపత్రికి వెళ్లే రోజు రేడియో మరదలి ముస్తాబు చూస్తూ కూర్చుంది. టైలరమ్మ వేణ్ణీళ్లలో చేతులు కాపుకుంది. బస్సులో ఇబ్బంది పడకూడదని నొప్పి బిళ్ల మింగింది. తల దువ్వించుకుంది. ఇస్త్రీ బట్టలు కట్టింది. రేడియో పకపకా నవ్వింది.

"చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు, డాక్టరు చూస్తాడని రోగాన్ని సర్దేస్తున్నావేంటే? మంచం కిందకి తోసేస్తే ఆయనకేం కనబడుద్ది?"

"మరి నలుగురిలోకి తల దువ్వుకోకుండా ఎలా వెళ్లను వదినా?"

"చూపించాల్సింది నలుగురికా, డాక్టరుకా?"

 టైలరమ్మ చెప్పులు విప్పేసి కూర్చుంది. ఆ రోజు ఆసుపత్రి మానేసింది.

మర్నాడు పొద్దున్నే రేడియోను తోడు తీసుకుని బయల్దేరింది. బిళ్ల లేదు, వేణ్ణీళ్లు లేవు. జుట్టు పిచ్చుకలు కాపురం పెట్టి ఖాళీ చేసిన గూడులా ఉంది. వీధందరికీ బొత్తాలు కుట్టిపెట్టే మనిషి తన స్వెట్టరుకు ఒక్క బొత్తామూ పెట్టుకోలేక గాలికి వదిలేసి నడుస్తుంటే, పాలవాడు సైకిలు దిగి మరీ చూశాడు.

ఆసుపత్రి కిటికీ దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయి మధ్యాహ్నం రమ్మంది.

"మధ్యాహ్నం నేనొస్తానమ్మా, నా జబ్బు రాదు. అది పొద్దున్నే వస్తుంది."

అని, వార్డుల్లోంచి గదికి వచ్చే దారిలో బెంచీ చూసుకుని కూర్చుంది. నర్సు లేవమంది, లేవలేదు. పక్కన రేడియో గట్టుకు అడ్డంగా పడుకున్న గేదెలా కుదురుకుంది. ఇక ఆ దారిన పోవాలంటే గాలైనా అనుమతి అడగాల్సిందే.

డాక్టరుగారు విసుగ్గానే వచ్చాడు. వచ్చి, నోటి అలవాటుకొద్దీ, ఎలా ఉన్నారమ్మా అన్నాడు. 'బాగు' అన్న ముక్క పళ్లదాకా వచ్చేసింది. టైలరమ్మ పళ్లు బిగించి దాన్ని వెనక్కి మింగింది.

"బాగాలేనండి. చాలాకాలంగా బాగాలేను. మీరు అడిగినప్పుడల్లా మర్యాదకి అబద్ధం చెప్పాను. ఇవాళ నొప్పిని వెంటపెట్టుకొచ్చాను, చూడండి."

చేతులు చాచింది. కణుపులు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. మడవమంటే మడతపడలేదు. ఆయన ఒక కణుపు మెల్లగా నొక్కాడు. ఎప్పుడూ పెదవి కొరుక్కునే మనిషి ఈసారి దాచుకోలేదు, అమ్మా అని గావుకేక పెట్టింది. ఆ కేకకు మూడు వార్డుల్లో మత్తులో ఉన్నవాళ్లు లేచి కూర్చున్నారని రేడియో ఈనాటికీ చెబుతుంది. మూడు కాదు, ఒకటే అయి ఉంటుంది.

డాక్టరుగారు నవ్వలేదు. లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. ఇంత వాపు మధ్యాహ్నం ఎక్కడికి పోయేదని అడిగాడు. ఆవిడ బిళ్ల సంగతి, వేణ్ణీళ్ల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కాసేపు ఆ వేళ్లనే చూశాడు.

"పొద్దున ఎలా ఉంటుందని నేను ఒక్కసారీ అడగలేదు కదమ్మా," అన్నాడు.

అడగలేదన్నట్టు ఆవిడ తలూపింది. ఆయన చీటీ రాసి ఇవ్వబోయాడు. ఆవిడ పుచ్చుకోలేదు.

"పొద్దున్నే చూడాలని కూడా రాయండి బాబూ. లేకపోతే అక్కడ మళ్లీ మొదట్నించీ నేనే యుద్ధం చెయ్యాలి."

ఆయన రాశాడు. కింద గీత కూడా గీశాడు.

బయటికొస్తుంటే టైలరమ్మ నడక చూడాలి. ఆ జుట్టే కిరీటమైనట్టు, ఆ స్వెట్టరే పట్టుశాలువా అయినట్టు తలెత్తుకుని వరండా దాటింది. బెంచీ చివర ఒక పెద్దాయన అందాకా మర్యాదగా గొంతులో అణిచిపెట్టుకున్న దగ్గును ఒక్కసారిగా బయటికి వదిలాడు. పక్కనున్న ఆయన భార్య, "అద్దీ, అలా దగ్గు," అంది.

కీళ్ల డాక్టరు పొద్దున్నే చూశాడు. కొందరికి ఈ కీళ్లవాతం రక్తంలో కనబడదని చెప్పి, మందు మొదలుపెట్టాడు. జబ్బు పూర్తిగా పోలేదు, పోదని ఆయన ముందే చెప్పాడు. కానీ ఇప్పుడు దానికొక పేరుంది, మందుంది. తెల్లారగానే వచ్చి దబాయించే మునుపటి జోరు లేదు. చలికాలం ముదిరేలోగా టైలరమ్మకు మందపాటి ఉన్ని కోట్లు కుట్టే పని వచ్చింది. ఇంకా ఎండ ఎక్కకముందే కొట్టు షట్టరు తనే ఎత్తింది. గుడ్డ పరిచింది, గీత గీసింది, కత్తెర అందుకుంది. కర్రుమంటూ అది గీత వెంట ఈ అంచునుంచి ఆ అంచుకు నడిచింది. గీత తప్పలేదు, మధ్యలో ఆగలేదు. గుమ్మంలో నిలబడ్డ రేడియో, కోత పూర్తయ్యేదాకా, నోరు మెదపలేదు.