కొట్టు గదిలో పూసిన కంద

నేను ఒక కందగడ్డను. నేను పూసిన రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: నానమ్మ సూరమ్మ, అమ్మ రత్నవేణి, పురిటికి వచ్చిన పెద్దమ్మాయి శేషు, ఆమె ఇరవై రోజుల కొడుకు, నాతో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడని చిన్నమ్మాయి హైమ. నాన్న సామాన్లకు అమలాపురం వెళ్ళాడు. మర్నాడు పిల్లవాడి బారసాల.

నేను పుట్టింది గోదావరి లంక చేలో. నాతోటివాళ్ళంతా సంతకు వెళ్ళి, అక్కణ్ణుంచి కూరలోకి వెళ్ళారు. నన్ను మాత్రం నాలుగేళ్ళ కిందట పోలాల అమావాస్య పూజకని అమ్మ మొలకతో సహా తెచ్చుకుంది. పీట మీద కూర్చోబెట్టి, పసుపుకొమ్ము కట్టిన తోరం నా మెడకు చుట్టింది. మెడ ఎక్కడుందో నాకే తెలియదు. బూరెలు పెట్టి, "తల్లీ, నా పిల్లల్ని నువ్వే చల్లగా చూడాలి" అని మొక్కింది. సాయంత్రమయ్యేసరికి అదే అమ్మ, నన్ను బచ్చలితో వండాలా, పులుసు పెట్టాలా అని నానమ్మను అడిగింది. పొద్దున తల్లినైనదాన్ని సాయంత్రానికి కూర ఎలా అయ్యానో ఇప్పటికీ బోధపడలేదు.

అప్పటికి హైమకు పదకొండేళ్ళు. కత్తిపీట వాల్చేలోగా నన్ను గౌనులో చుట్టుకుని పెరట్లోకి పరుగెత్తి, చిల్లుబకెట్లో పాతింది. తోరాన్ని బకెట్ పిడికి కట్టింది. నేను గొడుగులాంటి ఆకు ఒకటి వేశాను. మార్గశిరంలో అది వాలిపోతే చచ్చిందన్నారు. నానమ్మ జాలిపడి చెంబుడు నీళ్ళు పోయబోతే హైమ బకెట్ పక్కకు లాగేసింది. నిద్రలో ఉండగా తడిపితే నేను కుళ్ళిపోతానని ఆ పిల్లకు ఎవరు చెప్పారో! పందికొక్కులు తవ్వకుండా అదే బకెట్లో పొడి ఇసుకలో పెట్టి, కొట్టు గదిలో మంచం కింద దాచింది. తేదీ వేసి "కంద నిద్రపోయింది" అని డైరీలో రాసుకుంది. తొలకరికి మళ్ళీ పెరట్లోకి. ఏటా ఇదే వరస.

ఈ వైశాఖంలో ఆకుకు బదులు ఇంకేదో వచ్చింది. ఊదారంగు, ఒళ్ళంతా ముడతలు. అది పువ్వని హైమ మొహం చూశాకే తెలిసింది. ఈగల్ని పిలవడానికి చచ్చిన ఎలుక వాసన వేశాను. మా వాళ్ళ మర్యాద అది.

ఇంట్లోవాళ్ళు ఎలుక కోసం అటక దులిపారు, బియ్యం డబ్బాలు జరిపారు, పసివాడి పక్కబట్టలు రెండుసార్లు ఉతికారు. శేషు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పిల్లాణ్ణి వసారాలోకి తీసుకుపోయింది. చివరికి అమ్మ కొట్టు గదిలోకి వచ్చి మంచం కిందికి వంగబోయింది.

"ఎలక కాదమ్మా. నా కంద పూసింది" అంది హైమ.

"కంద పూయడవేంటే? డెబ్బయ్యేళ్ళొచ్చాయి, నేనెక్కడా చూళ్ళేదు" అంది నానమ్మ.

ఎలా చూస్తుంది? పూసేదాకా మమ్మల్ని ఉంచిందెవరు?

"రేపు ఊరంతా వస్తారు. పట్టుకెళ్ళి పెంటలో పారేసి రా" అంది అమ్మ.

"పారెయ్యను."

ఆ మాట అన్నది హైమేనా అని నానమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"అయితే దాంతోపాటు నువ్వూ బయటే ఉండు" అంది అమ్మ.

హైమ బకెట్‌ను పొట్టకు అదుముకుని పెరటి గుమ్మం దాటింది. వెలిసిపోయిన తోరం బకెట్ పిడికి ఇంకా వేలాడుతోంది. నా పిల్లల్ని నువ్వే చూడాలని నాకు మొక్కిన ఆవిడ, ఆ పిల్లను నాకు వదిలేసి తలుపు వేసింది.