ముందుగదిలో సముద్రం

చెల్లెలి సంచి సర్దడం అప్పటికి మూడుసార్లు పూర్తయింది. చెల్లెలు జిప్పు వేసి అటు తిరగడం, అక్క జిప్పు తీసి ఇంకో తువ్వాలు దూర్చడం.

"మూడు నెలలకి తొమ్మిది తువ్వాళ్ళెందుకక్కా? నేను వెళ్ళేది ఆసుపత్రికి, ఈతకి కాదు."

"దీవి అన్నావుగా. చుట్టూ నీళ్ళేగా."

ఈ వాదనకి జవాబు చెల్లెలు చదివిన నర్సు చదువులో లేదు. ముప్పై నాలుగేళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసింది. అన్నేళ్ళూ ఎదుటివాళ్ళని నోరు తెరవమని చెప్పడమే కానీ, తను నోరు తెరిచే సందర్భం అక్కడా రాలేదు, ఇంట్లోనూ రాలేదు. రిటైరై ఆరునెలలు తిరగకుండానే ఎక్కడో దీవిలో చిన్న ఆసుపత్రిలో ఒక నర్సు సెలవు పెట్టిందని, మూడు నెలలు ఆ చోట్లో ఉండి వస్తానని బయల్దేరింది.

చెల్లెలు టీ పెట్టుకోడానికి లేవగానే అక్క సూదీదారం తీసింది. సంచి లోపలి గుడ్డ రెండంగుళాలు విప్పి, ఇంటి తాళంచెవి ఒకటి లోపల పెట్టి, మళ్ళీ కుట్టేసింది. అక్క సాగనంపే ప్రతి మనిషికీ ఈ మర్యాద జరుగుతుంది. పూర్వం భర్త రెండు వీధుల అవతల కొట్లో గడ్డం బ్లేడు కొనుక్కొస్తానని, తలుపు తీసే ఉంటుంది కదా అని, తాళంచెవి తీసుకోకుండా వెళ్ళాడు. రోడ్డు దాటలేదు, లారీ దాటనివ్వలేదు. దాంతో అక్క లోకంలో ఒక సూత్రం కనిపెట్టింది: తాళంచెవి దగ్గరుంటే మనిషి తిరిగొస్తాడు. సూత్రం ఇంతవరకూ తప్పలేదు. తప్పేంత దూరం ఎవరూ వెళ్ళలేదు కూడా.

చెల్లెలు గ్లాసుతో వచ్చి కుట్టువంక చూసింది, చూడనట్టు కూర్చుంది.

"సరే, తొట్టి సంగతి విను."

తొట్టి అంటే ముందుగదిలో, సోఫా ఉండాల్సిన చోట, నాలుగడుగుల గాజుపెట్టె. ఉప్పునీళ్ళు, తెల్ల ఇసక, పోగేసిన రాళ్ళు. నారింజరంగు మీద తెల్లపట్టీల చేపలు రెండు. పెద్దది చిన్నదాన్ని రోజంతా తరుముతుంది కాబట్టి పెద్దదాని పేరు ఇన్‌స్పెక్టరు, చిన్నది గుమాస్తా. రాయి మీద పిల్లల వేళ్ళలా ఊగే లేతాకుపచ్చ పగడం ఒకటి. ఇదంతా పెట్టి సరిగ్గా ఏడు వారాలు. ఇంట్లో సముద్రం పెట్టించి, అది స్థిరపడకుండానే అసలు సముద్రం దగ్గరికి ప్రయాణం కట్టడం చెల్లెలికే చెల్లింది.

"మొదటి పేజీలో మూడే మూడు ముక్కలు రాశాను," అంది పాత డైరీ చేతిలో పెట్టి. "లైటు పన్నెండు నుంచి ఆరు దాకా. తిండి రోజు విడిచి రోజు, ఒక చిటికెడు. నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళు పొయ్యకు, శుద్ధిచేసిన మంచినీళ్ళు పొయ్యి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. మిగతా పేజీలు అవసరాన్ని బట్టి చూసుకో."

"పగడం ఉంటుందంటావా?"

"అది ఉంటే చాలక్కా. వచ్చాక మిగతాది నేను చూసుకుంటా."

వచ్చాక, అంది. అక్క ఆ మాటని కూడా లోపల కుట్టేసుకుంది. పగడం ఉంటే చెల్లెలు వస్తుంది. ఇక ఆవిడ చెయ్యాల్సిందల్లా పగడాన్ని బతికించడం.

ఏప్రిల్ నాలుగున చెల్లెలు వెళ్ళింది. ఐదున అక్క చేపల్ని చూసింది. అవి గాజు దగ్గరకొచ్చి ఆవిణ్ణి చూశాయి. నోరు తెరిచి మూస్తున్నాయి.

"ఆకలే," అనుకుంది.

చేపలు పుట్టిన దగ్గర్నుంచీ అలాగే తెరిచి మూస్తాయనీ, అది వాటి ఊపిరనీ డైరీలో ఉంది. ఐదో పేజీలో. అక్క మొదటి పేజీ దాటలేదు. ఆవిడ ఎంతైనా చదువుతుంది కానీ, రాబోయే పేజీలు ముందే తిరగెయ్యదు. అక్కడేం చెడ్డకబురు కాచుకునుందో ఎవరు చూశారు?

చిటికెడు అంటే ఎవరి చిటికెడని రాయలేదు కదా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. చెల్లెలి ఫోను ఆలస్యమైన రోజున సాయంత్రం కూడా ఒకటి. తుఫాను వార్త వస్తే రెండు. ఇక లైటు. ఆరింటికి తీసేస్తే పాపం అవి చీకట్లో ఏం చేసుకుంటాయి? తను పడుకునే దాకా ఉంచేది. మూడు నియమాల్లోనూ నీళ్ళ నియమం మాత్రం గీత దాటకుండా పాటించింది. అందులో జాలిపడ్డానికేమీ లేదు గనక.

రెండు వారాలకి తెల్ల ఇసక మీద గోధుమరంగు దుమ్ము పేరుకుంది. అక్క దుమ్మే అనుకుంది. కిటికీలు మూసింది. మే నెలకి రాళ్ళకి ఆకుపచ్చని వెంట్రుకలు మొలిచాయి. ముందు గడ్డంలా, తర్వాత సన్యాసి జడల్లా. గుమాస్తా ఆ జడల్లో దాక్కుని ఇన్‌స్పెక్టరు నుంచి మొదటిసారి విశ్రాంతి పొందాడు. ఇంట్లో ఈ మార్పు వల్ల సుఖపడింది వాడొక్కడే. పగడం వేళ్ళు ముడుచుకుని పిడికిలి బిగించింది.

అక్క ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకి వెళ్ళింది. అక్కడ నీళ్ళలో ఉప్పు కలిపి అమ్మే ఆయనకి చెల్లెలు పెట్టిన పేరు ఉప్పాయన. ఆయన సీసాని వెలుగుకెత్తి, అందులో ఏవో చుక్కలు వేసి, మారిన రంగు చూసి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అమ్మా, ఇది తొట్టిలో నీళ్ళా, గంజినీళ్ళా?"

"ఎగతాళెందుకు బాబూ? నాచుకి మందేదైనా ఇవ్వండి."

"ఇస్తాను. ముందొకటి చెప్పండి, రోజుకెన్నిసార్లు వేస్తున్నారు తిండి?"

"ఒక్క చిటికెడే."

"ఎన్నిసార్లమ్మా?"

"వాటికి ఆకలేసినప్పుడల్లా."

ఉప్పాయన కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. తగిలే మాట చెప్పేముందు ఆయన ఎవరినైనా కూర్చోబెడతాడు.

"ఇరవై రెండేళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. ఆకలితో పోయిన చేపని ఒక్కదాన్ని చూళ్ళేదు. అన్నీ ప్రేమతోనే పోయాయి. మీరు వేసింది చేప తిన్నంత తింటుంది, మిగిలింది కుళ్ళి నాచుకి ఎరువవుతుంది. పైగా లైటు కూడా రాత్రి దాకా ఉంచుతున్నట్టున్నారు. మీరు పెంచుతోంది చేపల్ని కాదమ్మా, నాచుని. అదీ చాలా శ్రద్ధగా."

"అంటే నావల్లేనా?"

"కొత్త తొట్టికి నాచు రావడం మామూలే. ఇంత మర్యాద జరిగితే మాత్రం ఇక వెళ్ళదు."

మందు ఇవ్వలేదు. పన్నెండు నత్తల్నిచ్చాడు. అవి నాచు తింటాయట. వెల్లకిలా పడితే మాత్రం తమంతట తాము లేవలేవట. అక్క వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడే ఆవిడ మొహంలో వెలుగొచ్చింది. ఆయన చూశాడు, చూసి నిట్టూర్చాడు. ఆవిడకి కంగారుపడ్డానికి ఇంకో డజను ప్రాణుల్ని అంటగట్టానని ఆయనకి అర్థమైపోయింది.

ఆదివారం నాలుగింటికి చెల్లెలు వీడియోలో వచ్చేది. వెనక నీలంగా ఏదో కదిలేది. ఆకాశమో సముద్రమో, అక్క ఎప్పుడూ అడగలేదు.

"ఏమే, తింటున్నావా?"

"తింటున్నానక్కా. తొట్టి చూపించు."

ఆదివారం పొద్దున్నే అక్క తొట్టిలో ఎడమ మూల పళ్ళబ్రష్షుతో తోమి ఉంచేది. ఫోను సరిగ్గా ఆ జానెడు మేర చూపించేది. ఇన్‌స్పెక్టరు బుద్ధిగా అటుగా వచ్చేది, ఎందుకంటే బ్రష్షు వచ్చిందంటే తిండి వస్తుందని దానికి అలవాటైంది.

"ఎంత బాగా ఉంచావక్కా! పగడమేది?"

"అటువైపుంది. నిద్రపోతోంది."

"పగడం నిద్రపోవడమేంటక్కా?"

"నువ్వు నీ ఆరోగ్యం చూసుకో."

జూన్ వచ్చింది. నాచు మీద ఎర్రటి జిగురు తేలింది. ఇసక మీద చిరిగిన దుప్పటిలా పరుచుకుంది, నత్తలు కూడా దాన్ని చూసి పక్కకి తప్పుకున్నాయి. జూన్ ఇరవై ఎనిమిదిన చెల్లెలు ఫోనులో కాస్త మెల్లగా మాట్లాడింది.

"అక్కా, ఆ నర్సు సెలవు పొడిగించింది. ఇంకో మూడు నెలలు ఉండమంటున్నారు. తొట్టి ఎలాగూ నువ్వు అద్భుతంగా చూసుకుంటున్నావు. నాకింక బెంగ లేదు."

ఫోను పెట్టేశాక అక్క ఎడమ మూలకేసి చాలాసేపు చూసింది. జానెడు మేర. తళతళలాడుతోంది. తొట్టి పాడైందని తెలిస్తే చెల్లెలు బాధపడుతుందని దాచింది. దాచినంత బాగా దాచింది గనక చెల్లెలు నిశ్చింతగా అక్కడే కూర్చుంది. మూడు నెలలు చెమటోడ్చి తను సాధించిన ఘనకార్యం ఇది.

ఇక అక్క బుర్ర పాదరసంలా పనిచేసింది. వారమంతా తొట్టి ముట్టుకోలేదు. ఆ పై ఆదివారం ఫోను తీసి, ముందే ఏమీ చెప్పకుండా, ఇవతలి గోడ నుంచి అవతలి గోడ దాకా తిప్పి చూపించింది. ఆకుపచ్చ జడలు, ఎర్రదుప్పటి, పిడికిలి బిగించిన పగడం, వెల్లకిలా పడ్డ రెండు నత్తలు.

"చూశావా?" అంది, గొంతులో ఏడుపూ విజయం రెండూ కలిపి. "నా వల్ల కాదే. నువ్వు రావాలి."

అవతల నవ్వు. చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"అమ్మయ్యా! నాచు ఇంకా రాలేదేమిటా అని నేను చూస్తున్నాను. ప్రతి కొత్త తొట్టీ ఇంతేనక్కా. ముందు గోధుమరంగు, తర్వాత ఆకుపచ్చ, తర్వాత ఎరుపు. పదకొండో పేజీ చూడు, అంతా రాశాను."

"పేజీలు నువ్వే వచ్చి చదువు."

"నువ్వు చదవగలవు."

అక్క డైరీ తెచ్చింది. పదకొండో పేజీ. చెల్లెలి గుండ్రటి అక్షరాలు: 'ఎర్ర జిగురు. మూడు రోజులు లైటు తీసేసి తొట్టికి దుప్పటి కప్పు. తిండి వెయ్యకు. చేపలకేమీ కాదు. ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకు.'

గాలికో, వేలు జారో, పేజీలు ముందుకి తిరిగాయి. పద్నాలుగు: 'ఆరో నెల.' ఇరవై: 'ఏడాది నిండాక.' ఇరవై ఆరో పేజీ పైన, అడుగున గీత గీసి, 'రెండో ఏడు: లైటు మార్చే పద్ధతి.' ముప్పై ఒకటి: 'మూడో ఏడు.'

మూడు నెలలకి వెళ్ళిన మనిషి.

"ఇది ఎప్పుడు రాశావే?"

చెల్లెలు నవ్వడం మానేసింది. వెనక నీలం కదులుతోంది. అది సముద్రమేనని అక్కకి ఇప్పుడు తెలిసింది.

"వెళ్ళేముందే."

"ముందే అనుకున్నావన్నమాట."

"అనుకోలేదు. రాస్తుంటే పేజీలు పెరిగాయి, అప్పుడు తెలిసింది." ఫోను ఇంకో చేతికి మార్చుకుని అంది, "నేను క్లినిక్ నుంచి ఏడు నిమిషాలు ఆలస్యమైతే మూడుసార్లు ఫోన్ చేసేదానివి. నాకు అరవై ఏళ్ళక్కా."

"ఏడు నిమిషాల్లో ఏమైనా అవ్వచ్చు."

"అవ్వచ్చు," అంది చెల్లెలు. "నీకయింది. నాకు కాలేదు."

అక్క డైరీ మూసింది. "తువ్వాళ్ళు సరిపోయాయా?" అంది.

"సరిపోయాయి."

మర్నాడు పొద్దున్నే అక్క తొట్టికి రెండు దుప్పట్లు కప్పింది. లైటు తీగ పీకేసింది. తిండి డబ్బాని అలమారాలో, పై అరలో, తన చెయ్యి అందని చోట పెట్టడానికి స్టూలెక్కింది. దిగాక స్టూలుని వంటింట్లో పెట్టి తలుపేసింది. తన సంగతి తనకి తెలుసు.

మొదటిరోజు పదిసార్లు దుప్పటి అంచు పట్టుకుంది, పదిసార్లూ వదిలింది. రెండో రోజు లోపల గుమాస్తా చచ్చిపోయుంటాడని నిశ్చయించుకుని, వాడి కోసం కాస్త ఏడ్చి, అన్నం తిని, ఒక కునుకు తీసింది. దుప్పట్ల సంగతి అక్క చెప్పగా విన్న ఉప్పాయన మూడో రోజు ఫోన్ చేశాడు.

"ఎత్తి చూశారా అమ్మా?"

"లేదు."

"నమ్మమంటారా?"

"నమ్మకపోతే మానెయ్యండి. నేను చూళ్ళేదు."

"అయితే మీకు తొట్టి పెంచడం వచ్చేసినట్టే," అన్నాడాయన. వెక్కిరింత లేకుండా ఆయన అన్న మొదటిమాట అదే.

నాలుగో రోజు దుప్పటి తీసింది. ఎర్రజిగురు బూడిదరంగుగా విడిపోయి పడుంది. గొట్టంతో లాగేస్తే బకెట్లోకి వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు గుమాస్తాని యథాప్రకారం తరుముతోంది, మూడు రోజుల చీకటి ఎవరికి జరిగిందో అన్నట్టు. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక చిటికెడు. రోజూ ఆరింటికి లైటు బందు. పొద్దున్నే వెల్లకిలా పడ్డ నత్తల్ని తిప్పి పెట్టడం ఒక్కటే ఆవిడ తనకి మిగుల్చుకున్న పని. నత్తలకి అభ్యంతరం లేదు.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం పగడం పిడికిలి విప్పింది. ఒక వేలు, తర్వాత మూడు, తర్వాత అన్నీ. అక్క ఆ పూట ఫోన్ చెయ్యలేదు. ఆదివారం దాకా ఆగింది. నాలుగింటికి చెల్లెలే చేసింది. అక్క ఫోను తొట్టి మొత్తం తిప్పి చూపించింది, మూలలతో సహా.

"పగడం ఉందే," అంది.

"చూస్తున్నానక్కా," అంది చెల్లెలు. ఎప్పుడొస్తావని అక్క అడగలేదు. వస్తానని చెల్లెలు అనలేదు.

తాళంచెవి డిసెంబరు పదకొండున పోస్టులో వచ్చింది. దూదిలో చుట్టి, కట్టుడుపళ్ళు పెట్టుకునే చిన్న డబ్బాలో. తెంపిన దారం కూడా అందులోనే ఉంది. ఉత్తరం లేదు. అక్క తాళంచెవిని తలుపు పక్క మేకుకి తగిలించి, తొట్టిలో తగ్గినన్ని మంచినీళ్ళు పోసింది.

ఇప్పుడు ముప్పై ఒకటో పేజీ నడుస్తోంది. చెల్లెలు ఏప్రిల్ నాలుగున వెళ్ళింది. జులై నాలుగున రావాల్సింది. ఆ జులైలో రాలేదు, తర్వాతి జులైలో రాలేదు, తర్వాత కూడా రాలేదు.