తిరగబడ్డ ఆకు

ఆ మనిషికి జనం పెట్టిన పేరు సుత్తి మేస్త్రి. చేతిలో ఒక సుత్తి, నోట్లో ఒక సుత్తి. చేతిలోది అరకిలో ఉంటుంది. నోట్లోదాన్ని తూచే తక్కెడ ఇంకా పుట్టలేదని వంతెనల ఆఫీసులో ఒక జోకు.

పని మాత్రం నవ్వులాట కాదు. నగరం మధ్యలో నది మీద నూట ముప్పై ఏళ్లనాటి పోత ఇనుము కాలినడక వంతెన ఉంది. దానికి రెండు వైపులా కలిపి నూట ఎనభై ఎనిమిది కమ్మీ స్తంభాలు. ఏటా ఒకసారి మేస్త్రి ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి చెవి పెట్టాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల బీటవారింది టప్పుమంటుంది. ఖంగుమంటే సుద్దతో గీత, టప్పుమంటే సున్నా. ఆ గీతల్ని నమ్మి ఆఫీసు సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని నమ్మి జనం నడుస్తారు.

పనితోపాటు వంతెన కథ కూడా అతనికి తండ్రి దగ్గర్నుంచే వచ్చింది. పడవ మునిగి నలభై మంది మిల్లు కూలీలు పోవడంతో మొదలవుతుంది. తర్వాత మిల్లు యజమాని పశ్చాత్తాపం, తర్వాత పోత కొలిమి. ప్రతి స్తంభం తలమీదా కిందికి వాలిన ఒక ఇనుప ఆకు ఉంటుంది. ఒక్కదానికి మాత్రం ఆకు పైకి తిరిగి దోసిలిలా ఉంటుంది. అచ్చు పెట్టినవాడికి ఆ రోజే కూతురు పుట్టిందట, సంబరంలో తలకిందులుగా పెట్టేశాడట. ఆ ఆకులో వాననీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిచినచోట ఇనుము కుళ్లుతుంది. "అందుకే దాన్ని రెండుసార్లు తట్టమన్నాడు మా నాన్న" అనేది కథలో చివరి మాట. అక్కడిదాకా విన్నవాళ్లు లేరు. సగం మంది పడవ దగ్గరే దిగిపోతారు, తక్కినవాళ్లు మిల్లు దగ్గర.

విన్నది ఒక్క గుండీలమ్మే. గుండీలు, సూదులు, దారపు ఉండలు పరుచుకుని ఇరవై ఏళ్లుగా ఆ తిరగబడ్డ ఆకు స్తంభానికే వీపు ఆనించి కూర్చునేది. "అన్నా, నిన్న కొలిమి దగ్గర ఆపావు, కానీయ్" అని తనే అందించేది. రెండుసార్లు తట్టిన స్తంభం కన్నా భద్రమైన చోటు ఇంకేముందని ఆమె లెక్క.

నలభై ఏళ్లు ఇనుమును తట్టీ, తుప్పు గీకీ మేస్త్రి చెవులు పోయాయి. ముందు గడియారం చప్పుడు పోయింది, తర్వాత పిట్టల గోల, చివరికి మనుషులు. మూడేళ్లుగా ఖంగుకీ టప్పుకీ తేడా తెలియడం లేదు. అయినా తట్టాడు, తల వంచి విన్నట్టు నటించాడు, అన్నిటికీ గీతలే గీశాడు. వినే మనిషి లేడని తెలిస్తే వంతెన మూసేస్తారు, మూస్తే కూల్చేస్తారు. అది లేకపోతే తను ఎవరు?

ఈ ఏడు పట్టుబడ్డాడు. వెనకనుంచి నాలుగుసార్లు పిలిచినా తిరగకపోయేసరికి గుండీలమ్మ లేచివచ్చి భుజం పట్టుకుంది. చెవిలో నోరుపెట్టి అరిచింది.

"నీకు వినపడట్లేదు కదన్నా! ఎన్నాళ్లయింది?"

మేస్త్రి నీళ్లు నమిలాడు. "మూడేళ్లు."

"ఇంతమందీ నీ చెవుల మీద నడుస్తున్నారు! వెళ్లి ఆఫీసులో చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను దీనికి ఆనుకోను."

అన్నంత పనీ చేసింది. తొమ్మిది రోజులు వంతెన మధ్యలో నిటారుగా కూర్చుని, నడుం పట్టుకుని లేచేది.

పదోరోజు మేస్త్రి ఆఫీసుకు వెళ్లాడు. ఒక్క ముక్కలో తేల్చాల్సిన విషయం. కానీ ఏ మాటనైనా మొదటి నుంచి చెప్పడమే అతనికి తెలుసు. "అయ్యా, ఈ వంతెన కట్టకముందు ఇక్కడ పడవ ఉండేది..." అని ఎత్తుకున్నాడు. ఇంజనీరు రెండు చేతులూ జోడించాడు. పెదాల కదలికను బట్టి మేస్త్రికి అర్థమైంది: "దణ్ణం పెడతా మేస్త్రీ, ఇవాళ వద్దు." మిల్లు దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు ఫోనెత్తాడు. కొలిమి దగ్గరికి వచ్చేసరికి బంట్రోతు చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిపించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత. ఇక్కడ ఊదినవాడే చెవిటివాడు.

వరండాలో నిలబడ్డప్పుడు అతనికి ప్రాణం తేలికపడింది. అదీ అసలు పాపం. చెప్పడానికి వెళ్లాను, వాళ్లు వినకపోతే నేనేం చేసేది, అనుకున్నాడు.

గుండీలమ్మ దూరం నుంచే చెయ్యి తిప్పి అడిగింది: చెప్పావా?

"చెప్పాను" అన్నాడు. "చూస్తామన్నారు."

ఆమె "అమ్మయ్య" అనుకుని వెనక్కి జారి స్తంభానికి ఆనుకుంది. ఆమె మొహంలో హాయి చూసి మేస్త్రి కళ్లు తిప్పుకున్నాడు.

పదమూడో రోజు మధ్యాహ్నం, వాన వెలిశాక, మేస్త్రి ముప్పై అడుగుల దూరంలో అటు తిరిగి కమ్మీకి రంగు వేస్తున్నాడు. ఇనుము విరిగిన చప్పుడు అతనికి వినపడలేదు. ఆమె కేకా వినపడలేదు. తనను దాటుకుని జనం పరిగెడుతుంటే అప్పుడు తిరిగి చూశాడు. నూట ఎనభై ఏడు స్తంభాలున్నాయి. తడిసిన పలకల మీద గుండీలు ఇంకా దొర్లుతున్నాయి.

ఆమె శవం మర్నాడు నదిలో దొరికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆఫీసు వంతెనకు రెండు వైపులా అడ్డుకమ్మీలు పెట్టింది, కూల్చే తేదీ వేసింది, విచారణ పెట్టింది.

విచారణ గదిలో అతనికి కుర్చీ వేశారు. విచారణ జరిపే పెద్దాయన ఏదో అడిగాడు, మళ్లీ అడిగాడు. మేస్త్రి ఆయన పెదాలనే చూస్తూ కూర్చున్నాడు. ఇంజనీరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. చివరికి గుమాస్తా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అతని ముందుకు జరిపాడు.

"వంతెన గురించి మొదటి నుంచి చెప్పండి. ఏదీ వదలొద్దు. అందరం వింటాం."

నలభై ఏళ్లుగా ఏ నోటి నుంచైనా వస్తుందేమోనని ఎదురుచూసిన మాట. మేస్త్రి దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. బల్లకు అవతల కూర్చున్న ఆరుగురూ కలాలు పట్టుకుని అతనికేసే చూస్తున్నారు. పడవ కోసం నోరు తెరిచాడు. పడవ రాలేదు.

"చెప్పలేదండీ" అన్నాడు. "చెప్పానని ఆమెతో అన్నాను."

గుమాస్తా కాగితం వెనక్కి తీసుకుని, కింద ఇంకొక్క మాట రాశాడు: "తర్వాత?"

"అంతేనండీ" అన్నాడు సుత్తి మేస్త్రి.